పూడ్చకుండా మిగిలిన బావి

కరీంనగర్ పక్కన రేకుర్తిలో, ఒక ఇంటి ఈశాన్య మూలన ఉన్న చేదబావిని నేను. అడ్డం 12 అడుగులు. పైన రెండు మూడడుగుల మట్టి, దాని కింద ఎర్ర మొరం, ఆ కింద పగుళ్లిచ్చిన రాయి, అట్టడుగున గట్టి బండ. బండ తగలగానే నన్ను తవ్వినవాళ్లు గడ్డపారలు దించారు. మా జిల్లా టాన్ బ్రౌన్ గ్రానైట్ చైనా దాకా పోతుంది గానీ, ఆ రాయి తనలోకి నీళ్లు రానివ్వదు. ఇక్కడ నీరు నిలిచేది మొరంలోనూ రాతి నెర్రెల్లోనూ. ఆ రెండూ నా గోడల్లోనే ఉన్నాయి.

వాడకట్టంతా నన్ను చేదుకున్న రోజులున్నాయి. తర్వాత చుట్టూ బోర్లు పడ్డాయి. అవి బండను చీల్చుకుని లోతుకు దిగి, పై పొరల్లోని తేమను కూడా కిందికి గుంజుకున్నాయి. నేనెండిపోయాను. చేద పోయింది, గిలక పోయింది. చెత్త వేయడానికి పనికొచ్చాను.

ప్లాటు కొన్నాయన పునాది తీయించేటప్పుడు మేస్త్రి నన్ను చూపించి అన్నాడు: "పూడుద్దాం సార్, మట్టి ఎట్లాగూ మిగుల్తది. ఇంకుడు గుంతకు ఆ మూలకు నాలుగడుగులు తవ్వి కంకర పోస్తే పర్మిషన్‌కు సరిపోతది."

కొత్త ఇళ్లలో వాననీరు ఇంకించే ఏర్పాటు ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతుంది. కాగితం కోసం తవ్వే గుంతలు ఆ చట్టం పుణ్యమే. అట్లాంటి గుంత మీద నాకు కోపం లేదు, దాని లెక్క మీదే బాధ. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మేస్త్రి అన్నదానికంటే లోతుగా ఆరడుగులు తవ్వినా 2,700 లీటర్ల జాగానే వస్తుంది. కంకర నింపాక నీటికి మిగిలేది రాళ్ల మధ్య సందులే, వెయ్యి లీటర్లకు అటూ ఇటూ. ఆయన స్లాబు 1,200 చదరపు అడుగులు. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీంచి 1,100 లీటర్లు దిగుతుంది. జోరుగా ఐదు సెంటీమీటర్లు కురిస్తే ఐదున్నర వేలు. గుంత ఇంకించుకునే లోపే నిండి, మిగతాదంతా మోరీ పాలవుతుంది. అదే నీరు నాలోకి వస్తే అర మీటరు ఎత్తు పెరుగుతుంది, అంతే.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఇంకొకరు వచ్చి, కొత్తగా బోరు వేసి దాంట్లోకే వాననీరు వదలమన్నారు. నెర్రె తగిలితే ఆ బోరు బాగా తాగుతుంది, తగలకపోతే నిండిన గొట్టంలా నిలబడుతుంది. మురికి దిగిందా, లోతు నీళ్లు చెడతాయి, కడగడానికి చెయ్యి అందదు. చివరికి తేల్చింది ఆయన తల్లే. గట్టు దగ్గర నిలబడి, "ఉన్న బాయిని పూడ్చి కొత్త బొంద తవ్వుడేంది బిడ్డా? ముందుగాల దీంట్ల రెండు ట్యాంకర్లు పోసి చూడు, ఎంత సేపట్ల గుంజుతదో" అంది. పూడిక తీయించి పోశారు. తెల్లారేసరికి నా అడుగు కనబడింది. మొరం ఇంకా బతికే ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

ఎండిన బావుల్లోకి వాననీరు మళ్లించడం ఆ తల్లి ఒక్కదాని ఆలోచన కాదు. 2007లో కేంద్రం రాతినేలలున్న ఏడు రాష్ట్రాల్లో ఇందుకే ఒక పథకం పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. అది పొలం బావులకు. ఊరి మధ్య ఇళ్లలో మిగిలిన నాబోటి వాటి సంగతి ఇంటివాళ్లే చూసుకోవాలి.

నాలోకి స్లాబు నీళ్లే వస్తాయి, వాకిలి నీళ్లు రావు. తొలకరి నీళ్లను పక్క గొట్టం మూత తీసి బయటికే వదిలేస్తారు. తర్వాతి వాన ఒక తొట్టిలో ఒండ్రు దించుకుని, రెండో తొట్టిలో దొడ్డు ఇసుక, చిన్న మెటల్, పెద్ద మెటల్ దాటి, గొట్టం గుండా నా అడుగుకు చేరుతుంది. పైనుంచి దూకితే గోడలు కోసుకుపోతాయని గొట్టాన్ని కిందిదాకా దించారు. సెప్టిక్ ట్యాంకును ఇంటి అవతలి మూలకు జరిపారు. నా మీద ఇనుప జాలీ వేసి తాళం పెట్టారు. నా నీళ్లు తాగరు. చెట్లకూ వాడకానికీ తోడుకుంటారు.

ఆదిలాబాద్‌లో ఇల్లు కడుతున్న ఆయన బావమరిది వచ్చి, "మాకూ ఇట్లనే చేపిస్త బావా" అన్నాడు. వద్దని అరవాలనిపించింది. అక్కడ బసాల్టు రాయి మీద నల్లరేగడి. ఎండాకాలం పర్రెలిచ్చే ఆ నేల తడవగానే ఉబ్బి మూసుకుంటుంది. గోడ పక్కన గుంత తవ్వితే నీరు ఇంకదు సరికదా, ఉబ్బిన మట్టి పునాదిని కదిలిస్తుంది. అక్కడ ముందు సంపులో నింపుకోవాలి. మిగిలినదాన్ని ఇంటికి దూరంగా, రేగడి మొత్తం దాటి మెత్తబడిన రాతి దాకా తవ్విన గుంతలోకి వదలాలి. అదృష్టం, మా ఇంటాయనే ఆ మాట చెప్పాడు.

ఏటా రోహిణి కార్తెలో ఇసుకా మెటలూ బయటికి తీసి కడగాలి. మా ఇంట్లో ఆ పని జరుగుతోంది. పక్క ప్లాటులో ఇప్పుడు ముగ్గు పోశారు. వాళ్లకు బావి లేదు గానీ ఐదడుగులకే మొరం తగులుతుంది. మేస్త్రి చెప్పే కొలత కాకుండా తమ స్లాబు నీటి లెక్క కట్టి, గోడకు పదడుగుల దూరంలో పెద్ద గుంత తవ్వితే వాళ్లకు చాలు. దాంట్లో ఇంకే నీరు నా మొరంలోకే వస్తుంది.