రేడియో సారు

చిట్యాలలో రేడియో సారు ఇల్లెక్కడని అడిగినవానికి ఎవరును త్రోవ చెప్పరు, తలయెత్తి చూడుమందురు. వేపకొమ్మ మొదలుకొని నీళ్లట్యాంకు స్తంభమువరకు 66 అడుగుల రాగితీగ ఏ యింటిపై సాగియున్నదో, ఆ తీగపై కాకి వాలినంతనే ఏ యింటినుండి ఒక వృద్ధుడు గడకర్రతో వెలువడునో, అదియే ఆయన ఇల్లు. ఆ తీగ బట్టలారవేయుటకని తలచి ఒకనాడు తడిచీర వేసిన పనిమనిషి ఆ యింట మరునాడు పని చేయలేదు.

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి నొందిన ఈ సారు, హైదరాబాదు సోమాజీగూడలో 1983లో వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు పోయి, మోర్సు చుక్కలును గీతలును అభ్యసించి, పరీక్ష నెగ్గి, కేంద్ర ప్రభుత్వమువారి లైసెన్సును 'వీయూ' అను అక్షరములతో మొదలగు కాల్‌సైనును సంపాదించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఊరిలో మఱి నలుగురికి కలదు గాని ప్రభుత్వమిచ్చిన ఈ పేరు భూమండలమున ఇంకొకనికి లేదని ఆయన గర్వము. జోర్డాను రాజు హుస్సేను జేవై1 అనియు, మన రాజీవ్ గాంధీ వీయూ2ఆర్జీ అనియు చెప్పి, ఆ వరుసలో మూడవవానిగా తన్ను పేర్కొని, శ్రోత ముఖమువంక ఒక్క నిమిషము చూచును. ఇంటిలో గడియారములు రెండు: ఒకటి మనది, రెండవది అంతకు అయిదున్నర గంటలు వెనుకబడిన ప్రపంచ కాలమానము. ఆ రెండవదానిని నమ్మి పెండ్లికి పోయిన బంధువొకడు అప్పగింతల వేళకు చేరెనని చెప్పుకొందురు.

ఇంతవరకు ప్రతి హ్యామును, అనగా ప్రతి అమెచ్యూర్ రేడియోవాడును, ఇట్టివాడే. మా సారు విశిష్టత వేఱు. గాలిలో ఒక కాల్‌సైను వినబడగానే దాని యజమాని ఎవరో, ఏ ఊరివాడో తెలియవలెను. పూర్వము ఇందులకు లావుపాటి కాల్‌బుక్కులుండెడివి. ఇపుడందఱు ఇంటర్నెట్టులో నొక్కి చూచుకొందురు. సారున కింటర్నెట్టనిన పరమ అవిశ్వాసము. "నెట్టు పోయిననాడేగదా రేడియో కావలసినది! రేడియో పట్టినవాడే నెట్టు నాశ్రయించిన, ఈత నేర్చినవాడు తెప్పకు కట్టుకొనినట్లు గాదా?" అనును. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరపున అండమానుకు పోయిన భారతీ ప్రసాద్, 26వ తేదీన సునామీ వచ్చి టెలిఫోనులు మూగవోగా, వీయూ4ఆర్బీఐ అను కాల్‌సైనుతో పోర్ట్ బ్లెయిరునుండి సందేశములు నడిపిన వృత్తాంతమును కనులు చెమర్చ వర్ణించును. అంత దూరమేల? 2023 జూలైలో మోరంచవాగు పొంగి, మా భూపాలపల్లి జిల్లాలోనే మోరంచపల్లి నీట మునుగగా, జనులు మిద్దెలెక్కి హెలికాప్టరు కొఱకు ఎదురుచూడలేదా అని నిలదీయును. కాదనుటకు నోరు రాదు. కాని వరద వచ్చిననాడు కావలసినది కలెక్టరాఫీసు నంబరా, లేక ఒహాయోలోని ఒకానొకని ఇంటి నంబరా అని నేనొకమా రడిగితిని. ఆయన నావంక జాలితో చూచెను.

అంతట నెట్టు లేకయే కాల్‌సైనుల యజమానులను చెప్పు ఆఫ్‌లైను పట్టిక నిర్మాణ మారంభమయ్యెను. అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనువారు తమ దేశపు హ్యాము లందఱి వివరములను వారమున కొకమారు మూటగట్టి ఎల్లరకు ఉచితముగా నిత్తురు. ఇంటర్నెట్టు నొల్లని సారు ఆ ఇంటర్నెట్టుననే అల్లుని చేత భూపాలపల్లిలో దించించి, పెన్‌డ్రైవును జేబులో, జేబును అరచేత పట్టుకొని బస్సులో తెచ్చెను. విప్పిచూడ, ఏడు లక్షలకు మించి బ్రదికియున్న లైసెన్సులవారును, చెల్లిపోయిన లైసెన్సులవారు మఱి లక్షలును, వివరమునకు వివరమునకు నడుమ ఒక నిలువుగీతతో, సంతలో గొఱ్ఱెలవలె క్రిక్కిరిసియుండిరి. వీరిని ఎస్క్యూలైటు అను డేటాబేసులోనికి తోలవలెను. తొలిరాత్రి కొన్నివేలమంది లోనికి పోగానే తోలుట నిలిచిపోయెను. తెల్లవారులు వెదకగా తేలినదేమన, ఐర్లండు వంశీయుడొకడు తన పేరిట 'ఓ' తరువాత అపాస్ట్రఫీ అను ఒక కొమ్మును ధరించియుండెను. అక్షరముల వరుసను ఎక్కడ ముగించవలెనో చెప్పు గుర్తు డేటాబేసునకు ఆ కొమ్మే యగుటచే, అది ఆతని పేరు సగములోనే ముగిసినదనుకొని మిగిలినదానిని ఆజ్ఞగా భావించి మొండికెత్తెను. ఒక్క కొమ్మునకు రెండు కొమ్ములు పెట్టి ఆతనిని సమాధానపఱచువఱకు వెనుకనున్న లక్షలమంది గుమ్మమున నిలువబడిరి.

పిదప ఇంకొక చిక్కు. ఒక కాల్‌సైను నడిగిన, యంత్రము మొదటి వరుసనుండి కడ వరుస దాక చదివికొనుచు పోవుటచే, సారు చాయ త్రాగి వచ్చునప్పటికి గాని జవాబు రాదు. అంతలో ఆవలివాడు గాలిలో కలిసిపోవును. కాల్‌సైనుపై ఒక ఇండెక్సు కట్టగానే, నిఘంటువులో అక్షరము పట్టి తీసినట్లు, రెప్పపాటున జవాబు వచ్చెను. ఆనాడు సారు వాడకెల్ల పేడాలు పంచెను. ఎందుకో ఎవరికిని తెలియదు. మనుమడు పుట్టెనని కొందఱు తినిరి.

ఇతర దేశములు ఇంత ధారాళముగా నీయకపోవుటచే, వానికి కాల్‌సైను మొదటి అక్షరములను బట్టి దేశమును, దిక్కును చెప్పు చిన్న పట్టిక నొకదానిని చేర్చెను. మనవారి వివరములను మాత్రము, సంభాషణకు రుజువుగా తనకు వచ్చిన క్యూఎస్ఎల్ కార్డులను చూచి, పంతులు కాన హాజరుపట్టీవలె గీతలు గీచి, స్వహస్తమున వ్రాసికొనెను. ఇట్లు లక్షలాది మందిని ఎఱిగిన సారునకు ఎదురింటి పిల్లవాని పేరు తెలియదు. ఆతనిని "ఓ బాబూ" యనును. వాడవారును ఆయన విద్య నంతమాత్రమే యెఱుగుదురు. "సారూ, పరకాల బస్సు ఏడిదాక అచ్చిందో గా డబ్బల జర అడుగరాదుండ్రి" అని ఒక మిరపరైతు వేడగా, ఆయన మూడుదినములు మాటాడలేదు.

ఒకనాటి వేకువ నేనక్కడనే యుంటిని. కరెంటు లేదు, బ్యాటరీపై పని. రెండవ గడియారమున సరిగా సున్న గంటలు. 14 మెగాహెర్ట్జులపై ఒహాయో కాల్‌సైనొకటి సన్నగా వినవచ్చెను. సారు వ్రేళ్లు మీటలపై నాడినవి. తెరపై పేరు, వీధి, ఊరు నిలిచెను. గొంతు సవరించుకొని, ఆతనిని పేరు పెట్టి పిలిచి, వీధితో సహా కుశలమడిగెను. ఆవల కొంతసేపు గాలిహోరు. పిమ్మట ఆ పెద్దమనిషి మిక్కిలి మర్యాదగా, ఆ పేరుగలవారు స్వర్గస్థులై చాల ఏండ్లయినదనియు, వారి కాల్‌సైను ఖాళీ కాగా తనకు దక్కినదనియు తెలిపెను. కమిషనువారి మూటలో ప్రతి లైసెన్సు ప్రక్కను బ్రదుకును చావును తెలుపు నొక అక్షరముండును. సారు దానిని అనవసరమని తీసివైచెను.

ఆయన తేరుకొనకమున్నే ఆవలివాడు, మీదే ఊరని అడిగి, చిట్యాల యని వినగానే, ఆగుడని చెప్పి, తానును ఏదియో వెదకి, "ఆహా, నల్లగొండ జిల్లా, హైదరాబాదు విజయవాడ రహదారిపై నున్న ఊరే గదా!" అనెను. సారు ముఖము ఎఱ్ఱబడెను. మృతుని పలుకరించినందులకు కందని ముఖము, ఊరు మారినందులకు కందెను. ఆ చిట్యాల కాదు, భూపాలపల్లి చిట్యాల యని అఱచి, ధ్వని క్షీణించుచుండుటచే అక్షరమునకొక మాటగా చెప్పసాగెను: "బ్రావో, హోటల్, యూనిఫామ్, పాపా, ఆల్ఫా, లీమా, పాపా, ఆల్ఫా, లీమా..."

"ఇంకెన్ని లీమాలున్నయి?" అని లోపలినుండి ఇల్లాలు కేక వేసెను. "చాయ సల్లారుతాంది."

"ఇంకొక్కటే" అని సారు మైకుపై చేయి మూసి చెప్పి, చేయి తీసి, హోరులోనికి "లీమా, యాంకీ" అనెను.