హొళగుంద మిద్దె, గోబ్లెట్ ఇల్లు

పోయిన వేసవిలో నేను ఎప్పుడెప్పుడో ఆడి వదిలేసిన ఆన్‌లైన్ ఆటలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ తెరిచాను. వేలమంది ఒకేసారి ఒకే లోకంలో తిరిగే ఆటలవి. మనమొక మనిషిని తయారుచేసుకుని, పేరు పెట్టి, విద్యలు నేర్పి, ఏళ్ల తరబడి పెంచుకుంటాం. అన్నీ ఆడే వయసు కాదు, తీరికా లేదు. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నది తేల్చుకుందామని కూర్చున్నాను. అందుకు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: ఎక్కడ నా సొత్తు ఎక్కువ మిగిలివుందో అదే నా ఆట. ఆ కొలత పట్టుకుని నేను చేసిన తెలివితక్కువ పని చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే పాతది రూన్‌స్కేప్. 2001 జనవరిలో ఇంగ్లండులో మొదలైన ఆట. ఆదోనిలో ఇంటర్ చదివేటప్పుడు నెట్ సెంటర్లో దొరికింది నాకు. అక్కడి కంప్యూటర్లలో కొత్తగా ఏదీ ఎక్కించనిచ్చేవాళ్లు కాదు. ఇదేమో బ్రౌజర్లోనే తెరుచుకునేది. హొళగుంద బస్సు వచ్చేదాకా అందులో చెట్లు నరికి, చేపలు పట్టి, ఇనుము కరిగించి కత్తులు చేసేవాణ్ని. తర్వాత ఆట రూపం మారిపోయింది. పాతదే కావాలని ఆటగాళ్లు గట్టిగా అడిగితే, 2007 ఆగస్టు నాటి ప్రతి ఒకటి కంపెనీ దగ్గర భద్రంగా ఉందని బయటపడింది. 2013లో ఓటింగ్ పెట్టారు. నాలుగు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ ఫిబ్రవరి 22న ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ తెరిచారు. అయితే అందులోకి ఎవరి పాత సంపాదనా రాలేదు. ఎంతటివాడైనా మూడో స్థాయి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నా కొలత ప్రకారం అక్కడ నాదంటూ ఏమీ లేదు. మొదట కొట్టేసిన పేరు అదే.

రెండోది వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. బెంగళూరులో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆడాను. అందులో కొత్త భాగం వచ్చిన ప్రతిసారీ అంతకుముందు చెమటోడ్చి తెచ్చుకున్న కవచం అక్కరకు రాకుండా పోతుంది. 2020లోనైతే 120వ స్థాయిదాకా ఎక్కినవాళ్లందర్నీ 50కి దించారు. మూలరూపాన్ని 2019 ఆగస్టులో విడిగా తెరిచారు గానీ, అక్కడా మొదటి నుంచి మొదలే. దాన్నీ కొట్టేశాను.

గిల్డ్ వార్స్ 2 నిలిచింది. 2012 ఆగస్టులో వచ్చినప్పుడు పైస్థాయి 80, ఇవాళా 80. నెల చందా లేదు. తొలి ఏళ్లలో సంపాదించిన మేలు కవచానికి నేటికీ విలువ తగ్గలేదు.

అన్నిటికీ పైన పెట్టింది ఫైనల్ ఫాంటసీ 14. 2010లో మొదట విడుదలైనప్పుడు ఘోరంగా విఫలమైన ఆట అది. నవోకి యోషిదా అనే ఆటల రూపకర్త చేతికి అప్పగించాక, ఆయన బృందం ఆ పాత లోకాన్ని కథలోనే ధ్వంసం చేసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి ఇచ్చింది. కథ కోసం ఆడేవాళ్లకు దాన్ని మించింది నాకు తెలియదు. అందులో నాకొక ఇల్లుంది. గోబ్లెట్ అనే పేటలో చిన్న ఇల్లు. చుట్టూ ఎర్రని కొండలు, ఎండ, దుమ్ము. మా పడమటి సీమను చూసినట్టే ఉంటుంది. బహుశా అందుకే ఆ పేట ఎంచుకున్నాను.

అక్కడ స్థలాలు కొన్నే, కావాలనేవాళ్లు లెక్కలేనంతమంది. 2022 నుంచి స్థలాలకు లాటరీ తీస్తున్నారు. ఇల్లు దక్కినవాడు 45 రోజుల్లో ఒక్కసారైనా గడప తొక్కకపోతే దాన్ని కూల్చేసి స్థలం ఇంకొకరికి ఇచ్చేస్తారు. న్యాయమైన నిబంధనే. పెద్ద విపత్తు వస్తే కూల్చివేతలు ఆపుతారు కూడా. 2024 జనవరిలో జపాన్‌లోని నోటో ద్వీపకల్పంలో భూకంపం వచ్చినప్పుడు ఆపారు. నిబంధనలో లోపం లేదు, దాన్ని నేను వాడుకున్న తీరులోనే ఉంది. ఆడటం దాదాపు మానేశాక కూడా చందా కడుతూ వచ్చాను. ఫోన్లో అలారం పెట్టుకుని, గడువు దగ్గరపడగానే లాగిన్ అయ్యి, తలుపు తీసి, ఒక్క నిమిషం నిలబడి బయటికొచ్చేవాణ్ని. బంధువుల పెళ్లికి ఎమ్మిగనూరు పోయినప్పుడు విడిదింట్లో ల్యాప్‌టాప్ తెరిచి మరీ ఆ గడప తొక్కాను. ఆ స్థలం కోసం ఎక్కడో ఎవరో లాటరీలు వేస్తున్నారన్న తలపే రాలేదు.

ఇప్పుడు అసలు ఇంటి సంగతి. హొళగుందలో మాది రెండంకణాల మట్టి మిద్దె. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టె, ఆకు, మన్ను, అన్నిటికీ పైన చౌడు. కొత్తగా కట్టుకున్న స్లాబు గదులు పక్కనే ఉన్నా అవ్వ మాత్రం మిద్దెలోనే ఉంటుంది. ఎండాకాలంలో అందులో ఉన్న చల్లదనం స్లాబు కింద రాదు. మిద్దె బతుకంతా ఆ చౌడులో ఉంది. మామూలు మన్ను వాననీళ్లు తాగుతుంది. చౌడులో సోడియం ఎక్కువ కాబట్టి తడవగానే దాని సన్నటి రేణువులు విడిపోయి, సందులన్నీ పూడుకుపోతాయి. పైన జారుడు పొరలాగా ఏర్పడి నీళ్లు కిందికి దిగవు. కానీ ఎండలకు అది బీటలు వారుతుంది, గాలికి కొంత లేచిపోతుంది. అందుకే ఏటా మృగశిర కార్తె లోపల మళ్లీ పోసి, వాలు సరిచేసి, వెలుతురు కోసం వదిలిన గవాచి చుట్టూ గట్టు కట్టాలి. నాయన ఉన్నన్నాళ్లూ ఈ పని ఒక్క ఏడు తప్పలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగిన ఆ వానల్లో కూడా మా మిద్దె కారలేదు.

నాయన పోయాక ఆ పని నాది. మేలో అమ్మ ఫోన్ చేసి, “వానలొచ్చేతలికి మిద్దెమీన చౌడు పోపియ్యాలప్పా, అవ్వ పండేకాడ బీటలిడిసింది” అంటే, వచ్చే వారం వస్తానమ్మా అన్నాను. ఒక ఏడు అలా గడిచింది. ఏం కాలేదు. మరో ఏడూ ఏం కాలేదు. పోయిన వేసవిలో అదే మాట చెప్పినప్పుడు నేను ఏం చేస్తున్నానో నాకు స్పష్టంగా గుర్తుంది. ఏ ఆటలో నాకు ఎంత సొత్తు ఉందో కాగితం మీద రాసుకుంటున్నాను. ఆ కాగితంలో గోబ్లెట్ ఇల్లు మొదటి వరసలో ఉంది.

సెప్టెంబరు ముసురులో రెండో అంకణం కూలింది. తడిసిన మన్ను బరువుకు దంతెలు విరిగాయి. అవ్వ ఆ వేళకు అమ్మ దగ్గర అన్నానికి పోయింది కాబట్టి ఆమెకేమీ కాలేదు. ఆమె మంచం మన్నుకింద ఉంది. జొన్నల సంచి తడిసి మొలకలెత్తింది. నేను వెళ్లేసరికి అవ్వ ఆ మొలకల్ని గాటిపాటున ఉన్న ఎనుముకు వేస్తోంది. నన్ను చూసి, “తిన్నావేంరా?” అని అడిగింది, అంతే. అమ్మ కూడా ఒక్క మాట అనలేదు. తిట్టివుంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ని.

పనితీరిక లేక రాలేకపోయానని అప్పటిదాకా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. గడువు పెట్టి, తప్పితే పోతుందని చెప్పిన చోటికి నేను తప్పకుండా వెళ్లాను. మిద్దెకు గడువు చెప్పేది అమ్మ. ఆమె మాటకు అలారం పెట్టుకోలేదు.

ఆ తర్వాత ఆటల కాగితం మళ్లీ తీశాను. ఈసారి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ సంగతి కొత్తగా అర్థమైంది. ఓటేసిన ఆ లక్షలమంది తమ సొత్తు తిరిగిమ్మని అడగలేదు. ఏమీ లేకుండా మొదలుపెట్టడానికి సిద్ధపడి, ఆ లోకం కావాలన్నారు. ఆటను ఎలా ఎంచాలో వాళ్లకు తెలుసు. ఆడుతుంటే బాగుండటం ఒక్కటే వాళ్లు చూశారు. నేను ఆడటం మానేసి కాపలా కాస్తూ, దాన్నే ఆట అనుకున్నాను.

గోబ్లెట్ ఇంటికి ఈసారి వెళ్లలేదు. గడువు దాటింది, కూల్చేశారు. లోపలి సామాను 35 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు, తీసుకోలేదు. చందా ఆపేశాను. కథలో తర్వాతి భాగం వచ్చినప్పుడు ఒక నెలకు కట్టి, చదివినట్టుగా ఆడి వస్తాను. రూన్‌స్కేప్ మూడో స్థాయి నుంచి ఫోన్లో మొదలుపెట్టాను. అందులో ప్రతి కదలికకూ 0.6 సెకన్ల వ్యవధి ఉంటుంది కాబట్టి మా ఊరి సిగ్నల్‌కు కూడా చక్కగా నడుస్తుంది. అమ్మ పిలిస్తే చేపల గాలం అక్కడే వదిలి లేవచ్చు.

కూలిన అంకణానికి ఆదోని నుంచి దంతెలు తెచ్చాం. చౌడు పోసే పెద్దాయన మా ఊళ్లో ఒక్కడే మిగిలాడు. వాలు ఎలా చూడాలో నేర్పమని అడిగితే, ముందు బండి తోలించు, తర్వాత చూద్దాం అన్నాడు.

గిల్డ్ వార్స్ 2 ఒక్కటే ఇంకా తేలలేదు. అది నాకు ఇష్టమే. కానీ ఆ ఇష్టం ఆట మీదా, చెక్కుచెదరకుండా ఉన్న నా కవచం మీదా అన్నది చెప్పలేకపోతున్నాను. మిద్దె పని అయ్యాక కవచమంతా పెట్టెలో పెట్టేసి, కొత్త మనిషిని తయారుచేసి మొదటి స్థాయి నుంచి కొన్నాళ్లు ఆడి చూస్తాను. అప్పుడూ బాగుందనిపిస్తే ఉంచుకుంటాను.