పక్కకు జరుగు తలుపు ఆత్మకథ

భద్రాచలము ప్రాంతపు అరణ్యమున పుట్టి, తెప్పగా కట్టబడి గోదావరీ ప్రవాహముమీద రాజమహేంద్రవరము చేరి, అచ్చటి కోతమిల్లులో పలకలుగా చీల్చబడి, 1938వ సంవత్సరమున బెజవాడ సత్యనారాయణపురములోని యొక మేడకు తలుపుగా అమరిన టేకుకఱ్ఱను నేను. ఆ యింటి తక్కిన తలుపులన్నియు మడతబందులమీద తిరుగునవి. హాలులో ఊయలబల్ల వ్రేలాడుచుండుటచేత రెక్క విచ్చుకొనుటకు చోటు చాలదని, నన్నొక్కదానిని మాత్రము గోడవెంబడి పక్కకు జరుగునట్లు అమర్చిరి.

ద్వారబంధమునకు పైన నిలువంచుగా బిగించిన ఇనుపపట్టా యొకటి కలదు. దానిమీద రెండంగుళముల వ్యాసముగల పోతయినుప గాడిచక్రములు రెండు పరుగిడును. ఒక్కొక్క చక్రమునుండి ఒక పట్టీ దిగివచ్చి, 3/8 అంగుళపు బోల్టులతో నా శిరస్సును పట్టుకొనును. ఏడడుగుల ఎత్తును, నాలుగడుగుల వెడల్పును, అంగుళమున్నర మందమును గల నా దేహము అఱువది కిలోలకు పైబడినదే యైనను, ఆ యింటి పసిపిల్లలు ఒంటిచేతితో నన్ను త్రోయుచుండిరి. ఇంటి బామ్మగారు జీవించియున్నంతకాలము పండుగ పండుగకును చక్రముల సీలలకు ఆముదము వేయించుచుండెడివారు. ఆమె అనంతరము ఆ పని ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

కఱ్ఱకు చెదలు సోకలేదు, వానకాలములో ఉబ్బలేదు, ఎండకు నెఱ్ఱె విచ్చలేదు. చెడినది చక్రపు నడిమి రంధ్రము. సీల అరిగి, రంధ్రము ఒకవైపునకు సాగి, చక్రము పట్టామీద వాలిపోయెను. నా అడుగుభాగము నాపరాళ్ళ నేలను ఒరసికొని గీతలు పెట్టసాగెను. తుదకు ఒక చక్రపు అంచు పగిలినది. పిలిపించిన వడ్రంగి నన్ను చూచి, దీనిని ఊడదీసి అల్యూమినియము తలుపు పెట్టించుకొనుడని చెప్పెను. ఎనుబదియేండ్లు దాటియు వంకరపోని కఱ్ఱను బొటనవ్రేలంత ఇనుపముక్క కొఱకు త్యజింపుమనుట నాకు అన్యాయముగా తోచినది. ఇంటి యజమానికిని అట్లే తోచుట నా భాగ్యము. ఆయన బామ్మగారి మనుమడు.

ఆయన వన్‌టౌను ఇనుపసామాను అంగళ్ళన్నియు తిరిగెను. “ఈ సరుకు ఇప్పుడు రావడం లేదండీ” అన్నదే అంతటను సమాధానము. అంగడివారు తెచ్చి చూపిన నైలాను చక్రముల పెట్టెమీద నలువది కిలోలకు మించరాదని అచ్చువేసియుండెను. పాత ఇనుము కొట్టులో దొరకిన యొక జత చూపునకు నా చక్రములనే పోలియుండెను గాని, గాడి వెడల్పగుటచేత పట్టామీద నిలువక ఊగిసలాడెను.

ఈ చిక్కునకు మూలము కొలతలలో నున్నది. నన్ను చేసిననాడు దేశమున ఇట్టి సామానును అంగుళములలో కొలిచెడివారు. 1956లో పార్లమెంటు మెట్రిక్ కొలతలను శాసించిన పిదప ఇనుపసామాను క్రమక్రమముగా మిల్లీమీటర్లలోనికి మారినది. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గనుక నా చక్రము 50.8, అంగడిలో దొరకునది సరిగా 50. ఈ భేదమును సర్దుకొనవచ్చును. కష్టమంతయు బోల్టుల వద్దనే. నా 3/8 అంగుళపు బోల్టు 9.525 మిల్లీమీటర్లు, కంటికి పది మిల్లీమీటర్ల దానివలెనే కనబడును. కాని 1841లో ఇంగ్లండున జోసఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ప్రమాణము ననుసరించి దాని మరకు అంగుళమునకు పదునాఱు చుట్లు, కోణము 55 డిగ్రీలు. పది మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు మరకు సాధారణముగా చుట్టొక్కింటికి ఒకటిన్నర మిల్లీమీటరు, కోణము 60 డిగ్రీలు. కొత్త నట్టు పాత బోల్టుమీద కొన్ని చుట్లు సుఖముగా ఎక్కి, పిమ్మట బిగిసికొనిపోవును. బలవంతముగా త్రిప్పినచో రెండు మరలును చెడును. ఎన్ని పాత తలుపుల బోల్టులు ఈ బలవంతమువలననే నశించినవో!

యజమాని పగిలిన చక్రమును, సీలను, బోల్టులను గుడ్డలో కట్టుకొని ఆటోనగరులోని యొక లేతు మేస్త్రి యొద్దకు పోయెను. తరువాత నన్ను బిగింపవచ్చినపుడు మేస్త్రి చెప్పిన మాటలు నేను స్వయముగా వింటిని: “బాబుగారూ, పారేయకుండా తెచ్చారు కాబట్టి పనయ్యింది. అరిగినచోట కొలిస్తే కొత్తది కూడా అరిగినట్టే వస్తుంది. అంచు పక్కన అరగని చోటుంటుంది, అక్కడ కొలవాలి.” త్రెడ్ గేజితో మరను పోల్చి, అదే చుట్టుతో కొత్త బోల్టులు కోసి తెచ్చెను. చక్రములను ఉక్కుతో పాత కొలతకే తీసి, గాడిని నా పట్టా మందమునకు సరిపఱచెను. నడుమ గన్‌మెటలు బుష్ వేయవచ్చునే గాని, అది అరిగిననాడు మరల లేతువానిని వెదకవలెను. అందుచేత 6001 సంఖ్యగల బేరింగును కూర్చెను. దాని లోపలి వ్యాసము 12, వెలుపలిది 28, వెడల్పు 8 మిల్లీమీటర్లు. ఏ ఊరి బేరింగుల కొట్టులోనైనను దొరకును. పాతదానికి పాత కొలతను దక్కనిచ్చి, అరుగు భాగమును మాత్రము నేడు సులభముగా లభించు వస్తువుగా చేసిన ఆ యోచనను నేను ఎంతగా కొనియాడినను చాలదు.

ఇప్పుడు నేను నేలను ఒరయక జరుగుచున్నాను. పాత తలుపులుగల గృహస్థులకు నా విన్నపమొకటే: చక్రము పగిలినను, సీల అరిగినను, తుప్పుపట్టిన మరమేకైనను పాత ఇనుమువానికి తూచి యీయకుడు, తలుపును ఊడదీయుటకు ముందు వానిని లేతుపని తెలిసినవానికి చూపుడు.