పద్దెనిమిది పనిముట్లు, ఒక్క పార్శిలు

చెక్క బల్ల మీద తోలు చాప. చాప మీద వరసగా టైటానియం పిడి ఉన్న మడత చాకు, సగం తెరిచి; స్టీలు మల్టీటూలు; బొటనవేలంత టార్చి; కారు అద్దం పగలగొట్టగలిగే పెన్ను; పారాచూట్ తాడుతో అల్లిన ముంజేతి పట్టీ. ఓ మూలన, ఇవన్నీ కొనగా మిగిలిన పర్సు. పైనుంచి తీసిన ఈ ఫొటోకి 'ఈ రోజు నా జేబులో' అని శీర్షిక. ఫొటో పెట్టినాయన ఆ రోజు మాదాపూర్‌లో వెలగబెట్టిన పనులు: మూడు మీటింగులు, ఒక బిర్యానీ, సాయంత్రం ఒక పార్శిలు విప్పడం.

దీన్ని ఈడీసీ అంటారు, ఎవ్రీడే క్యారీ. ఈ దీక్ష పట్టినవాళ్లని "ఎందుకండీ ఇంత సరంజామా?" అని అడిగి చూడండి. అందరిదీ ఒకటే జవాబు: "ఎప్పుడు ఏ అవసరం వస్తుందో ఎవరికి తెలుసు?" నిజమే, ఎవరికీ తెలియదు. కానీ నగరంలో ఉద్యోగం చేసుకునే మనిషికి సాధారణంగా వచ్చే అవసరాలేమిటో కొంతవరకు తెలుసు. ఓటీపీ రాకపోవడం, ఆటోవాడి దగ్గర చిల్లర లేకపోవడం, లిఫ్టు ఆగిపోవడం, పెళ్లి భోజనాల్లో రెండో బంతిలో కూడా కుర్చీ దొరక్కపోవడం. వీటిలో దేనికీ పటకారు పనికిరాదు. కుర్చీ విషయంలో చాకు పనికొస్తుందేమో గానీ, ఆ పెళ్లివారు మళ్లీ ఏ శుభకార్యానికీ పిలవరు.

పనిముట్టు మీద నాకే కోపమూ లేదు. ఈ జాతి పనిముట్లు పుట్టిన తీరు చూస్తే గౌరవమే కలుగుతుంది. స్విట్జర్లాండ్ సైన్యానికి 1889లో కొత్త తుపాకి వచ్చింది. దాన్ని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. తిండి డబ్బాల్లో వస్తోంది, మూత కొయ్యాలి. తోలు పట్టీలకి బెజ్జం వేసుకోవాలి. రొట్టె ముక్క కోసుకోవాలి. నాలుగు పనులు, నాలుగు పనిముట్లు, ఒక మడత కత్తి. మొదటి కత్తులు చేసే తాహతు స్విస్ కార్ఖానాలకి లేక జర్మనీలోని సోలింగెన్ నుంచి తెప్పించారు. ఇబాక్ అనే ఊళ్లో కార్ఖానా పెట్టుకున్న కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి సరఫరా మొదలుపెట్టాడు. ఆయన వారసుల కంపెనీయే ఇవాళ్టి విక్టోరినాక్స్.

అక్కడితో ఆగితే ఈ వ్యాసం ఉండేది కాదు. 1897లో ఎల్సెనర్ ఆఫీసర్ల కోసం మరో కత్తి చేశాడు. అందులో ఒక చిన్న బ్లేడుతోపాటు సీసా బిరడా లాగే మరమేకు చేరింది. సైన్యం దాన్ని అధికారిక జాబితాలో చేర్చలేదు. ఆఫీసర్లే సొంత డబ్బుతో కొనుక్కున్నారు. అంటే అవసరాన్ని దాటి వేసిన మొదటి అడుగే సాయంకాలం వైపు పడిందన్నమాట! ఆ దారిలో నడిచి నడిచి వెంగర్ కంపెనీ 87 పనిముట్లతో, 141 పనులు చేస్తుందంటూ కిలో పైచిలుకు బరువున్న కత్తి తయారు చేసింది. దాన్ని జేబులో పెట్టుకున్నవాడికి 142వ పని ఒకటి తప్పదు: ప్యాంటు జారకుండా చూసుకోవడం.

అమెరికాలో టిమ్ లెదర్‌మన్ కథా ఇలాగే నిజాయితీగా మొదలైంది. 1975లో ఓ పాత ఫియట్ కారులో భార్యతో దేశాలు తిరుగుతుంటే కారు మొరాయించేది, చౌక హోటళ్లలో కుళాయిలు కారేవి. జేబులో కత్తి ఉంది, కావలసింది పటకారు. ఆలోచనకి రూపం వచ్చి, కొనేవాళ్లు దొరికి, సరుకు బజారుకి చేరేసరికి 1983 అయింది. మెచ్చుకోవలసిన మనిషి. కాకపోతే ఆయన దగ్గర చెడిపోయిన కారుంది. మనవాళ్ల దగ్గర ఉన్నది కంపెనీ సర్వీసింగ్‌లో ఉన్న కారు. దాని బానెట్ ఎక్కడ తెరుచుకుంటుందో కూడా వాళ్లు చూసి ఎరగరు.

మొన్న ఎండల్లో మా పక్క ఫ్లాట్‌లో ఫ్యాన్ రెగ్యులేటరు పోయింది. ఆ ఇంటాయన నిజానికి ఈ రోజు కోసమే ఎదురు చూస్తున్నాడు. బెల్టుకున్న తొడుగు బటన్ తీసి, పద్దెనిమిది పనిముట్ల యంత్రాన్ని బయటికి లాగాడు. టక్‌మని పటకారు వచ్చింది, లోపలికి పోయింది. రంపం వచ్చింది, దాని వంక ప్రేమగా చూసి మూశాడు. డబ్బా మూత కోసేది వచ్చింది. చివరికి స్క్రూడ్రైవర్ వచ్చింది గానీ, బోర్డు స్క్రూ గోడ మూలకి ఉండటంతో అంత లావు పిడి తిరగడానికి చోటు చాల్లేదు. నాలుగుసార్లు తిప్పేసరికి స్క్రూ తల కాస్తా అరిగి నున్నబడింది.

అప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు. లోపలికి వస్తూనే అడిగిన మొదటి మాట: "సార్, మెయిన్ ఆఫ్ చేశారా?" చెయ్యలేదు. సారు చేతిలో ఉన్నది ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒట్టి స్టీలు, ఇన్సులేషన్ పూతైనా లేని స్టీలు. ఇన్ని వేలు పోసి కొన్న పద్దెనిమిది పనిముట్లలో, తీగలో కరెంటు ఉందో లేదో చెప్పేది ఒక్కటీ లేదు. వంద రూపాయలు కూడా చెయ్యని టెస్టరు బుడ్డి వెలిగించి మరీ చెబుతుంది. స్క్రూ తిప్పుతుంది, పెయింటు డబ్బా మూత లేపుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు వీపు కూడా గోకుతుంది. దానికి ఫొటోలు తీసేవాడు లేడు పాపం, తోలు తొడుగూ లేదు.

ఈ కథ చెబితే భక్తులు రెండు పురాణాలు వినిపిస్తారు. మొదటిది అంతరిక్ష కాండ. 1995 నవంబరులో అట్లాంటిస్ షటిల్ రష్యా వాళ్ల మీర్ కేంద్రానికి అనుసంధానమైనప్పుడు తలుపు తెరుచుకోకపోతే, కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ స్విస్ కత్తితోనే పని కానిచ్చాడు. జరిగిన మాటే. అయితే మీర్ వేరు, మియాపూర్ వేరు. మియాపూర్ మెట్రో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. తెరుచుకోకపోయినా చాకు తియ్యమని ఎవరూ బతిమాలరు.

రెండోది లోయ కాండ. 2003లో అమెరికాలోని యూటా కొండల్లో ఆరన్ రాల్‌స్టన్ అనే యువకుడి చెయ్యి బండరాయి కింద ఇరుక్కుపోతే, అయిదు రోజులు చూసి, మల్టీటూలుతో తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. దాని మీద వచ్చిన '127 అవర్స్' సినిమాకి మన రెహమాన్ సంగీతం కూడా. ఈ కథ చెప్పేటప్పుడు భక్తుల గొంతు వణుకుతుంది. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఆ పనిముట్టు మంచి కంపెనీది కాదు, చౌకబారు రకం, బ్లేడు మొద్దుబారిపోయింది. అంటే ఈ పురాణం నుంచి పాతిక వేల చాకు కొనమనే నీతి తియ్యడానికి వీల్లేదు. ఇంకో సంగతి: తాను ఎక్కడికి వెళ్తున్నాడో రాల్‌స్టన్ ఎవరికీ చెప్పి వెళ్లలేదు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ ముక్కకి పైసా ఖర్చు లేదు, జేబులో బరువూ ఉండదు. ఖర్చు లేదు కాబట్టే కాబోలు, దాన్ని ఎవ్వరూ సిఫారసు చెయ్యరు.

ఇక ఉక్కు గురించి మాట్లాడటం మొదలుపెట్టారా, మీరు టీ తాగి రావచ్చు. 2021లో మాగ్నాకట్ అనే కొత్త ఉక్కు వచ్చింది. తుప్పు పట్టదు, పదును నిలుస్తుంది, తొందరగా పెచ్చులూడదు. నిజంగానే గొప్ప లోహశాస్త్రం. నాకు అభ్యంతరం లోహశాస్త్రంతో కాదు. రాక్‌వెల్ కాఠిన్యం అరవై రెండా అరవై నాలుగా అని రాత్రి రెండింటి దాకా వాదించుకునే ఉక్కు, మర్నాడు కోసేది అట్టపెట్టె మీద ప్లాస్టిక్ టేపు. ఆ టేపుని ఆఫీసులో అటెండరు బైకు తాళంచెవితో ఒక్క గీతలో తెంపేస్తాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకన్నారు మనవాళ్లు. పైగా ఈ గొడ్డలికి పదునెక్కువ. టేపుతోపాటు లోపలున్న కొత్త చొక్కాని కూడా చీరేస్తుంది. పదును చూసుకునే పద్ధతి మరీ విచిత్రం: ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకుంటారు. ఈ సంఘం సభ్యుల్ని గుర్తుపట్టాలంటే గుర్తింపు కార్డు అక్కర్లేదు, ఎడమ ముంజెయ్యి చూస్తే చాలు.

ఇంట్లో ఇలాంటి చాకు హోదా ఏమిటో ఒక సంభాషణ వింటే తెలుస్తుంది.

"ఏవండీ, ఆ చాకు ఓసారి ఇలా ఇవ్వండి, పులిహోరకి నిమ్మకాయలు కొయ్యాలి."

"నిమ్మకాయలా! ఇది హై కార్బన్ స్టీలే. పులుపు తగిలితే మచ్చ పడుతుంది."

"పోనీ ఉల్లిపాయలు?"

"దానికి వాసన పట్టుకుంటే వదలదు."

"మరి దేనికండీ అది?"

"ఎమర్జెన్సీకి."

ఆవిడ ఇంకేమీ అనలేదు. సంతలో కొన్న చెక్కపిడి కత్తి తీసి, గట్టు నాపరాయి అంచున రెండుసార్లు అటూ ఇటూ రాసి, ఆరు నిమ్మకాయలు కోసేసింది. ఈయనగారి చాకుకి మాత్రం ఏడాదికోసారి పసుపూ కుంకుమా దక్కుతాయి, దసరా ఆయుధ పూజలో. ఆ పూజ ఏడాది పొడుగునా అన్నం పెట్టిన పనిముట్టుకి చెయ్యాల్సింది. ఆ లెక్కన ఆయన పీట మీద పెట్టాల్సింది ల్యాప్‌టాప్.

ఆ మాటకొస్తే రోజూ కత్తి మోసేవాళ్లు మన దగ్గర లేకపోలేదు. మోకు వేసుకుని తాడిచెట్టెక్కే గీత కార్మికుడి నడుముకి కత్తి ఉంటుంది. అది లేకపోతే ఆ పూట కల్లు లేదు. క్షురకుడి పొదిలో కత్తి, కత్తెర, సాన రాయి అన్నీ ఉంటాయి. వెనకటి తాతల తాంబూలపు సంచిలో అడకత్తెర ఉండేది. దానితో వక్క తప్ప మరేదీ కత్తిరించేవారు కాదు, అలాగని దానికి లోపమేదో ఉందని ఎవరూ అనుకోలేదు. వీళ్లలో ఒక్కరైనా పనిముట్లు వరసగా పేర్చి పైనుంచి ఫొటో తియ్యగా నేను చూళ్లేదు. చేతిలో పనుంది మరి.

సర్వసన్నద్ధతలో అందరినీ మించినవాళ్లు మాత్రం వేరే ఉన్నారు. మన ఆడవాళ్లు. గాజులకో, మెళ్లో గొలుసుకో పిన్నీసులు గుత్తిగా తగిలించుకుంటారు. పిన్నీసుని కనిపెట్టినవాడు న్యూయార్క్‌లోని వాల్టర్ హంట్. 1849లో పేటెంటు తీసుకుని, పాపం, హక్కులన్నీ 400 డాలర్లకి అమ్మేసుకున్నాడు. పిన్నీసు కుచ్చిళ్లు నిలబెడుతుంది. బడికెళ్లే పిల్లాడి చొక్కా గుండీ ఊడితే ఆ పూటకి అదే గుండీ. తెగిన చెప్పు పట్టీని ఇల్లు చేరుస్తుంది. కాల్లో ముల్లు తీస్తుంది. ఫోన్లో సిమ్ము ట్రేని బయటికి నెడుతుంది. అన్నిటికీ మించి, లోపలికి పోయిన లంగా బొందుని తిరిగి ఎక్కిస్తుంది. పద్దెనిమిది పనిముట్లున్న యంత్రం గానీ, 87 పనిముట్లున్న ఆ కిలో కత్తి గానీ బొందు ఎక్కించి చూపించమనండి, నేను ఈ శీర్షిక మానేస్తాను.

పోనీ, మోసేదేదో మోయనిస్తారా అంటే అదీ లేదు. పొద్దున్న మెట్రో స్టేషన్లో సంచి స్కానరులోంచి వెళ్లాలి. సాయంత్రం మాల్ దగ్గర తడుముతారు, ఆదివారం మల్టీప్లెక్సులో మళ్లీ తడుముతారు. శంషాబాద్‌లో అయితే చేతి సంచిలో చాకు కనిపించిందా, అక్కడికక్కడే వదులుకోవాలి. పాతిక వేల చాకు పోతుంటే ఆ క్షణంలో దాన్ని మోసినాయన ముఖం చూడలేం. ఆయన మాత్రం చట్టం గురించి భయపడుతుంటాడు, తన చాకుని సర్కారు ఎక్కడ మారణాయుధం అంటుందోనని. అంత లేదు. ఆయుధ నిబంధనల ప్రకారం ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి పోగా, తొమ్మిది అంగుళాల కంటే పొడవో రెండంగుళాల కంటే వెడల్పో ఉన్న బ్లేడులే లైసెన్సు జాబితాలోకి వస్తాయి. ఢిల్లీలో బటన్ చాకుల మీద ఇంకాస్త కట్టడి ఉంది, అది వేరే సంగతి. ఈయనగారిది మూడంగుళాల మడత చాకు. చట్టం దృష్టిలో అది జామకాయలు కోసుకునే సాధనం. శిక్ష కంటే ఈ నిజమే ఆయనకి ఎక్కువ నొప్పి.

ఇప్పుడు విక్టోరినాక్స్ వాళ్లే ఒక మార్గం చూపించారు. అనేక దేశాల్లో కత్తుల మీద ఆంక్షలు బిగుస్తున్నాయి కాబట్టి బ్లేడు లేని జేబు పనిముట్లు తయారు చేస్తున్నామని 2024లో కంపెనీ అధిపతి చెప్పారు. ఆయన పేరూ కార్ల్ ఎల్సెనరే, ఆ వంశంవాడే. వార్త విని మన భక్తులు గుండెలు బాదుకున్నారు. వాళ్లు కంగారు పడాల్సిన పనేమీ లేదు. ఆ రకం ఒకటి తెచ్చి, టైటానియం పిడి తొడిగి, టక్‌మని చప్పుడు మాత్రం తగ్గకుండా చూసి అమ్మితే చాలు. అందులో కత్తి లేదన్న సంగతి ఏళ్ల తరబడి బయటపడదు. ఎప్పుడైనా ఇంట్లో వాళ్లు నిమ్మకాయలు తెచ్చి చేతిలో పెడితే పడాలి. దానికైతే జవాబు ఎలాగూ సిద్ధంగానే ఉంది.