కిడ్నీలకేం సంబంధమండీ!

సిగరెట్ పెట్టె మీద 2016 నుంచి రెండు వైపులా, నూటికి 85 వంతులు భయపెట్టే బొమ్మే. నాకేం భయం లేదు. నేను చూసినంతలో ఆ బొమ్మల్లో గొంతుంది, నోరుంది, ఊపిరితిత్తులున్నాయి, కిడ్నీ మాత్రం లేదు. అంటే ప్రభుత్వమే నా కిడ్నీలకు అభయమిచ్చిందని నా లెక్క.

అసలు నా భయమంతా కిడ్నీల గురించే. షుగరొచ్చినప్పటి నుంచీ వాటికి నేను చేసిన సేవ మా ఆవిడక్కూడా చేయలేదు. పొద్దున్నే బార్లీ నీళ్లు, మధ్యాహ్నం అరటిదూట రసం, ఎక్కడికెళ్లినా చంకలో రెండు లీటర్ల సీసా. "నీళ్లు తాగండ్రా, కిడ్నీలు కడుక్కుపోతాయి" అని పెళ్లిళ్లలో కుర్రాళ్లకు క్లాసులు పీకేవాణ్ణి. వేళ్ల మధ్య సిగరెట్ కాలుతూనే ఉండేది. నవ్వకండి, మీ ఇంట్లోనూ ఇలాంటి బాబాయ్ ఒకడుంటాడు.

డాక్టరమ్మ రక్తపరీక్షతో పాటు మూత్రం పరీక్ష కూడా రాసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇంటర్లో దొరికిన ఓ గిరీశం పుణ్యమా అని, సిగరెట్ వెలిగిస్తే తప్ప పొద్దున్నే నాకు ఏ పనీ జరగదు. ల్యాబు బాత్రూంలో డబ్బా పట్టుకుని నిలబడ్డాను. రాదే! కుళాయి తిప్పాను, దేవుణ్ణి తలిచాను, ఊహూఁ. బయట ఎవరో తలుపు బాదుతున్నారు, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, వెలిగించాను, దమ్ము లాగాను, అటు ధార మొదలైంది, ఇటు దగ్గొచ్చింది, బూడిద రాలింది, సరిగ్గా డబ్బాలో పడింది!

ల్యాబు అమ్మాయి డబ్బాను వెలుతురుకెత్తి చూసి, "అంకుల్, ఈ నల్లనలుసులేంటి?" అంది. "రాళ్లేమోనమ్మా, కరిగి పడుతున్నాయి" అన్నాను. గదంతా సిగరెట్ కంపు. క్యూలో ఉన్నవాళ్లంతా నా మొహమే చూశారు. ఆ పిల్ల మాట్లాడకుండా ఇంకో డబ్బా చేతిలో పెట్టింది.

రిపోర్టొచ్చాక టెన్త్ మార్కుల లిస్టులా ముందు క్రియాటినిన్ చూపించాను, 1.0 అని. డాక్టరమ్మ దాన్ని పట్టించుకోలేదు. కిడ్నీల పని దాదాపు సగం పడిపోయేదాకా కూడా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చట. ఆవిడ వేలు మూత్రంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ దగ్గర ఆగింది. 30 లోపుండాల్సింది 140 చిల్లర. "సిగరెట్టుందా?" అంది. "ఉందండీ, కానీ అది ఊపిరితిత్తులకు కదా, కిడ్నీలకేం సంబంధమండీ?" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు కిడ్నీలకే పోతుందట. పీల్చిన నికోటిన్ క్షణాల్లో ఆ రక్తంలో కలుస్తుంది, బీపీ లేస్తుంది, సన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఒక్కో కిడ్నీలో ఉండే దాదాపు 10 లక్షల వడపోత గొట్టాలకు ఆ దెబ్బ తగులుతుంది, ఒంట్లో ఉండాల్సిన ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. షుగరున్నవాడు పొగ కూడా తాగితే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. పొగాకులోని కాడ్మియం కిడ్నీల్లో చేరి ఏళ్ల తరబడి కదలదు. కిడ్నీ క్యాన్సర్ ముప్పు సరేసరి.

"మరి నేను తాగిన నీళ్లు?" అన్నాను, నీరసంగా. కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, లీటరున్నరో రెండో బయటికి పంపి, మిగతాది ఒంటికే తిప్పి ఇస్తాయట. అంత పని చేసేవాటిని నేను రెండు లీటర్ల సీసాతో కడగబోయాను!

సిగరెట్ మానేశాను. మానేశానని ఊరంతా చెప్పాను కూడా. చెప్పడం కోసమే రోజూ బడ్డీకొట్టు దాకా వెళ్తున్నానని మా బావమరిది అభాండం వేస్తున్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించమంది డాక్టరమ్మ. ఈసారి డబ్బా ఇంట్లోనే నింపాలట, అప్పటిదాకా బాత్రూం తలుపు బయట మా ఆవిడ నిలబడుతుందట.