సలహాల సెన్యోర్

లిస్బన్‌లో మీరు దారి అడగక్కర్లేదు. మ్యాపు విప్పి అటూ ఇటూ తిప్పితే చాలు, ఆయనే వచ్చేస్తాడు. అరవై దాటిన వయసు, నలగని చొక్కా, మడిచి చంకలో పెట్టుకున్న పేపరు. కాఫీ కొట్టు కౌంటరుకు మోచెయ్యి ఆనించి నిలబడి ఉంటాడు. పేటకొకరు చొప్పున ఉన్నారు కాబట్టి పేరుతో పనిలేదు. సలహాల సెన్యోర్ అందాం.

ఆయన ముందు మీ మొహం చూడడు, కాళ్లు చూస్తాడు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు మనకు తెలుసు. ఈయన చెప్పు చూసి చెబుతాడు. "ఈ నున్నటి అడుగుతో ఆల్ఫామా పేట వాలు దిగుతారా? సాయంత్రం చినుకు పడితే మీరు దిగరు, జారతారు." అందులో అతిశయోక్తి లేదు. ఊళ్లో కాలిబాటలు చాలావరకు తెల్ల సున్నపురాయి ముక్కలు పేర్చినవే. తరతరాల కాళ్లు తోమి తోమి వాటికి నిగ్గు తెచ్చాయి. తడిస్తే ఆ రాయికి ఊరివాడూ పరాయివాడూ ఒకటే.

తర్వాతి ప్రశ్న: "ఇరవై ఎనిమిదో నంబరు ట్రామ్ ఎక్కారా?" ఎక్కామంటే నిట్టూరుస్తాడు, ఎక్కలేదంటే భుజం తడతాడు. 1930ల నాటి ఆ పసుపుపచ్చ పెట్టె కోసం మార్టిం మోనిజ్ దగ్గర జనం ఎండలో బారులు తీరడం ఆయనకు అర్థం కాదు. "దాన్లో ఎక్కితే రెండు జరుగుతాయి. ఊరు కనిపిస్తుంది, పర్సు కనిపించదు" అంటాడు. జేబుదొంగల సంగతి ట్రామ్‌లోనే రాసి ఉంటుంది కానీ, కిటికీలోంచి ఊరు చూస్తున్నవాడు గోడమీద రాతలు చదువుతాడా?

ఇక 1902లో కట్టిన సాంతా జుస్తా ఇనుప లిఫ్టు. నలభై అయిదు మీటర్ల ఎత్తు, దానికి తగ్గ పొడుగున క్యూ. సెన్యోర్ గొంతు తగ్గించి గుట్టు విప్పుతాడు: "బైషా-షియాడో మెట్రో స్టేషన్లోకి దిగండి. రైలెక్కకండి. టికెట్ గేటు దాటకుండానే ఎస్కలేటర్ల మీద పైనున్న షియాడోలో తేలతారు. పైసా ఖర్చులేదు." కొండమీది కోటకు పోవాలన్నా ఇదే పద్ధతి. ఫాంకెయిరోస్ వీధిలో మామూలు ఇల్లులా కనిపించే భవనంలో ఊరివాళ్ల ఉచిత లిఫ్టు ఒకటి ఉంది. అది దిగి నాలుగడుగులు వేస్తే, కింద సూపర్ మార్కెట్ ఉన్న పార్కింగ్ భవనంలో రెండోది. పాలప్యాకెట్ కొనుక్కుంటూ సగం కొండ ఎక్కేయొచ్చు.

ఈ సలహాలన్నీ వరసగా వింటే ఒకటి తేలుతుంది. ఏడు కొండల ఊరని పేరున్న చోట పుట్టి పెరిగిన ఈయన జీవితమంతా శ్రద్ధగా నేర్చుకున్న విద్య, కొండ ఎక్కకపోవడం. ఎక్కేది పరాయివాళ్లు. ఊరివాళ్లకు తెలిసింది దిగడం ఒక్కటే.

"మరి కోట చూశారా?" అని మీరు అడగండి. చూశాడు, బడిలో చదివేటప్పుడు, పంతులుగారు తీసుకెళితే. లిస్బన్‌వాసులకు కోటలో ప్రవేశం ఉచితం. అందుకే వెళ్లలేదు. ఎప్పుడైనా వెళ్లగలిగిన చోటికి మనిషి ఎప్పుడూ వెళ్లడు.

దూరాలకు ఆయన దగ్గర ఒకటే కొలత: "పక్కనే." మాట నిజమే, ఆ పక్క నిలువుగా ఉందని మాత్రం చెప్పడు. 1755 భూకంపం తర్వాత అప్పటి మంత్రి పోంబాల్ మార్క్విస్ కట్టించిన బైషా పేటలో వీధులు గీత గీసినట్టు ఉంటాయి కాబట్టి అక్కడ ఈ మాట నమ్మొచ్చు. భూకంపాన్ని చాలావరకు తట్టుకున్న ఆల్ఫామాలో నమ్మితే, మెట్లసందులో మోకాళ్లు పట్టుకుని కూర్చోవాలి.

తిండి దగ్గర సెన్యోర్ న్యాయవాది అవుతాడు. హోటల్లో కూర్చోగానే అడగకుండా వచ్చే రొట్టె, ఆలివ్‌లు, జున్ను మర్యాద కాదు, బిల్లు. "ముట్టుకోకపోతే డబ్బులివ్వక్కర్లేదు. ముట్టుకున్నారో, అయిపోయారు." 1837 నుంచి బెలెంలో అమ్ముతున్న కస్టర్డ్ టార్టుల కోసం వరసలో నిలబడొద్దంటాడు. మా వీధి చివర బేకరీలో అంతకన్నా బాగుంటాయంటాడు. మర్నాడు వియ్యాలవారింటికి వెళ్లేటప్పుడు మాత్రం ఆయన చేతిలో ఉండేది బెలెం డబ్బానే.

జాతి గర్వమైన ఉప్పుచేప బకల్యావు నార్వే నుంచి వస్తుందని గుర్తుచేయకండి. "పట్టేది వాళ్లయితే ఏం, వండేది మేం" అని కప్పు ఠపీమని పెడతాడు. మీరు గుంటూరు వైపువాళ్లని తెలిస్తే ఇంకా ప్రమాదం. మిరపకాయను మీ దేశానికి మోసుకొచ్చింది మా ఓడలేనంటాడు. ఎదురు చెప్పలేం, కావాలంటే ఆయన కూరలో కారం ఎక్కడని అడగొచ్చు.

జూన్ పన్నెండు రాత్రి సెయింట్ ఆంటొనీ పండక్కి వీధులన్నీ సార్డీన్ల పొగతో నిండుతాయి. కుండీలో చిన్నాకు తులసి పెట్టి అమ్ముతారు. దాని మీదికి ముక్కు వంచారా, సెన్యోర్ కేకేస్తాడు. అరచేత్తో నిమిరి ఆ చెయ్యి వాసన చూడాలట. ముక్కు తగిలితే మొక్క వాడిపోతుందట!

చివర్లో ఏడుపు తప్పదు. అద్దెలు కొండెక్కాయి, పాత కొట్లు పోయి ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతపు బొమ్మల కొట్లు వచ్చాయి, మెట్ల మీద చక్రాల సూట్‌కేసులు తెల్లవార్లూ డప్పు కొడుతున్నాయి. "అసలు ఇంతమంది ఎందుకొస్తారండీ?" అని మిమ్మల్నే అడిగి, వెంటనే గ్రాసా కొండ మీంచి సూర్యాస్తమయం చూడకుండా వెళ్లొద్దని ఒట్టు పెట్టించుకుంటాడు.

ఇంతటి జ్ఞానికీ ఏడాదికోసారి సెలవు దొరుకుతుంది. భార్యతో పోర్టో వెళతాడు. అదీ కొండల ఊరే, అక్కడా కౌంటరుకు ఆనుకుని ఒక సెన్యోర్ ఉంటాడు, ఆయనా గొంతు తగ్గించి గుట్టులు విప్పుతాడు. మనవాడు మర్యాదగా తలూపి, సూటిగా పోయి లెల్లో పుస్తకాల షాపు ముందు క్యూలో నిలబడతాడు. లోపలికి వెళ్లడానికి టికెట్ కొంటాడు. మధ్యాహ్నం క్లేరిగోస్ గోపురానికి ఇంకో టికెట్ కొని, రెండు వందల పైచిలుకు మెట్లు రొప్పుతూ ఎక్కుతాడు. పైన గాలి పీల్చుకుని, "ఎంత బాగుందీ! మన ఊళ్లో ఇలాంటిది ఒక్కటి లేదు కదా" అంటాడు భార్యతో.