సిటీ టూరు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: “మూడవ దినము. అల్పాహారానంతరము ఉదయ్‌పూర్ నగర దర్శనము. జానపద కళల మ్యూజియం (అరగంట), వింటేజ్ కార్ల మ్యూజియం (గంటన్నర) చూపబడును. ప్రవేశ రుసుము ఎవరిది వారిదే.”

అవతారిక: గ్రంథకర్త ఒకానొక ట్రావెల్స్ మేనేజరు. నామధేయము చెప్పుట మర్యాద కాదు. సూత్రమన్నాక కొద్ది అక్షరాల్లో ఎక్కువ అర్థం ఇమడాలన్నారు పెద్దలు. ఈయన ఎక్కువ ఊళ్లు ఇమిడ్చారు.

అల్పాహారానంతరము: బ్రహ్మసూత్రాల తొలి మాట దగ్గర “దేని తరవాత?” అని ప్రశ్న వేసుకుని, సాధన చతుష్టయం తరవాత అని శంకరులు తేల్చారు. ఇక్కడా చతుష్టయమే: చల్లారిన పోహా, బ్రెడ్డు ముక్క, గోరువెచ్చని టీ, కిటికీ సీటు కోసం తోడల్లుళ్ల తగవు. ఈ నాలుగూ సిద్ధించినవాడే అధికారి.

నగర దర్శనము: స్పష్టము.

జానపద కళల మ్యూజియం: దేవీలాల్ సామర్ 1952లో నెలకొల్పిన భారతీయ లోక్ కళా మండల్ అని గ్రహించునది. రాజస్థానీ కఠ్‌పుత్లీకి తల మామిడికర్ర, చేతులు గుడ్డ, కాళ్లు చాలావాటికి పూజ్యం. శంక: కాళ్లు లేనిది నడుచుట ఎట్లు? సమాధానం: ఘాఘరా అంచు నేల రాసుకుంటూ ఊగితే చాలు, మిగతాది చూసేవాడి కన్నే నడిపిస్తుంది. ఆడించేవాడు నోట్లో బోలీ అనే ఈల పెట్టుకుని కూస్తాడు. ఆటలో వీరుడు నాగౌర్ అమర్‌సింగ్ రాఠోడ్ పౌరుషమంతా ఆ కీచుకూతల్లోనే.

మన తోలుబొమ్మది వేరే తోవ. అనంతపురం వైపు నిమ్మలకుంటలో మేకతోలును పారదర్శకమయ్యేదాకా గీకి, రంగులద్ది, ఉలితో చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే సీతమ్మకు నగలు. రామాయణం తెల్లవార్లూ సాగేది. ఘట్టం మహా గంభీరంగా ఉండగా బంగారక్క, జుట్టుపోలిగాడు అడ్డం దూరి నానా బూతులూ తిట్టుకునేవారు, ఊరి పెద్దలకూ నాలుగు అంటించేవారు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మూలంలో నిమ్మలకుంట ఏదీ అంటారా? మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నారు, నేను పెట్టుకోలేదు.

(అరగంట): చెప్పొచ్చేదేమంటే, లోపల బోలీ కూస్తుండగానే బయట మా గైడు ఈల వేశాడు. రాఠోడ్‌గారు కత్తి దూసిన క్షణాన సగం బస్సు లేచి నిలబడింది. పసిపిల్ల ఒకతె “బొమ్మ పడిపోలేదింకా” అని ఏడ్చింది. ఆ పిల్ల ఒక్కతే టికెట్టు డబ్బుకు న్యాయం చేసింది. ఇంత దూరం తీసుకొచ్చి, కూర్చోబెట్టి, చూడనివ్వకపోతే ఎందుకండీ?

వింటేజ్ కార్ల మ్యూజియం: మేవాడ్ మహారాణాల వాహనశ్రేణి. 1983 నాటి ‘ఆక్టోపస్సీ’ సినిమాలో మెరిసిన 1934 రోల్స్ రాయిస్ ఫాంటమ్ 2 ఇందులోదే. శంక: ఎవరూ ఎక్కనిది వాహనమెట్లగును? సమాధానం: మన హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ లేదా? ఆర్డరిచ్చిన ఆరో నిజాం 1911లోనే పోయారు. యజమాని ఎక్కకపోయినా వాహనమే. గంటన్నర దేనికన్నది మాత్రం విచార్యము. ఫొటో కోసం ఒక్కో బానెట్టుకు ఆనుకుని ఒక్కో కుటుంబం, వరసగా. ఆపై భోజనం కూడా ఈ గంటన్నరలోనే అంతర్భూతమని సంప్రదాయజ్ఞులు.

చూపబడును: కర్మణి ప్రయోగము. ఎవరిచేత? కర్త లోపించెను. ఈ లోపం వాక్యంతో ఆగితే వ్యాకరణదోషమని ఊరుకుందుం. కార్లలో ఏ దొర కూర్చున్నాడో, ఏ రాణిగారు దిగారో మా గైడుకు కంఠస్థం. తోలినవాడెవరయ్యా అంటే “డ్రైవర్ సార్” అన్నాడు. పొద్దున బొమ్మ చెక్కినవాడి సంగతి అడిగినప్పుడు “లోకల్ ఆర్టిస్ట్ సార్” అన్నాడు. కారు పుట్టిన ఏడు నోటికొచ్చిన మనిషికి కారు తుడిచినవాడి ఊరైనా తెలియదు. అడిగినందుకు నన్నే వింతగా చూశాడు. నిజమే, కంపెనీవారు ఇచ్చిన కాగితంలో ఆ పేర్లు లేవు మరి.

ప్రవేశ రుసుము ఎవరిది వారిదే: ఇచ్చట కర్త స్పష్టము. “కెమెరాకు అదనము” అని కొన్ని ప్రతులలో పాఠాంతరము.